ఎవరింటికని అడగని డబ్బా

తిరిగొచ్చి పన్నెండు రోజులైంది. స్టాఫ్ రూంలో అడుగుపెడితే చాలు, ఇప్పటికీ ఒకటే ప్రశ్న: "ఏం సార్, ఆ డబ్బా పనిచేసిందా?" చేసింది నాయనా, ఎందుకు చేయలేదు? మొండెద్దు అరక లాగినట్టు లాగింది. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇచ్చేస్తాను, పట్టుకుపోండి.

డబ్బా అంటే సైకిల్ హ్యాండిల్‌కు బిగించుకునే జీపీఎస్. సబ్బుబిళ్ళంత ఉంటుంది. ఆదివారాలు మాతో సైకిల్ తొక్కే ఒకాయన కొత్తది కొనుక్కుని పాతది నాకు అంటగట్టాడు. పోవలసిన చోటు పెడితే దారి లెక్కగట్టి, తెర మీద గీత గీసి చూపిస్తుంది. కాకపోతే అది లెక్కగట్టేలోపు పొయ్యి మీద అన్నం ఉడికి వార్చుకోవచ్చు. మనం ఒక మలుపు తప్పామా, మళ్ళీ సున్నా నుంచి మొదలు. ఇచ్చేటప్పుడే ఆయన చెప్పాడు, "దూరం ఊరు ఒక్కసారే పెట్టకండి సార్. పది పది కిలోమీటర్లకు ఒక చోటు పెట్టుకుంటూ పోండి, జల్ది లెక్కేస్తది" అని. నేను సోషల్ టీచర్ని. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పటాలు నేర్పుతున్నవాణ్ణి. నాకు చెప్పొచ్చాడు పెద్ద మనిషి, అనుకున్నాను.

అసలు సంగతి వదిలేసి డబ్బా సంగతి చెప్పడం కూడా నాకలవాటైన తప్పించుకోవడమే. నేను పోయింది షికారుకు కాదు. గోదావరిఖని దాటాక తుమ్మలకుంట అని ఒక ఊరుండేది. మా అక్క సరోజన మెట్టినిల్లు అది. బావ రాజలింగు బొగ్గు బాయిలో, అంటే గనిలో, పనిచేసి రిటైరయ్యాడు. అక్క పోయి పదకొండేళ్ళు. తర్వాత ఊరు కూడా ఓపెన్‌కాస్టులోకి పోయింది. భూమిని పైనుంచే తవ్వుకుంటూ దిగిపోయే గని అది. జనమంతా కొత్త కాలనీకి మారారు. ఊరిబయట శ్మశానం ఒక్కటే మిగిలింది. జూలై చివర్లో ఒక సాయంత్రం, పదమూడేళ్ళ తర్వాత, బావ గొంతు ఫోన్‌లో విన్నాను.

"బావమర్దీ, నేను రాజలింగును. మన బొందలగడ్డ పోతుంది. వచ్చే శనివారం రెండింటికి బ్లాస్టింగ్ అయితది, ఆ ఎనుక ఎవ్వలను ఇడువరు. అందరు వాళ్ళవాళ్ళ సమాధులకాడ పిడికెడు మట్టి తీసి కొత్త గడ్డకు తీసుకపోతున్రు. మీ అక్కది పుట్టింటి చెయ్యి తియ్యాలె. వస్తవో రావో నీ ఇష్టం."

పెట్టేశాడు. నేను హలో అనడం కూడా కాలేదు.

పదమూడేళ్ళ క్రితం ఒక పెళ్ళిలో, బావ తోటి పనివాళ్ళు నలుగురూ కూర్చున్నచోట, నేను ఆయన్ని తాగుబోతు అన్నాను. మా అక్కను బొగ్గులో పారేశామన్నాను. ఆయన నా కాలర్ పట్టుకుని బయటికి నెట్టాడు. నీ గడప తొక్కితే నా పేరు మార్చుకుంటానన్నాను. రెండేళ్ళకు అక్క కామెర్లతో పోయింది. పెళ్ళయిన ఆడమనిషి భర్త ఉండగా పోతే పుట్టింటివాళ్ళు చీర తెచ్చి కప్పాలి. అమ్మా నాన్నా అప్పటికే లేరు. పుట్టిల్లంటే నేనొక్కణ్ణే. కబురందగానే బస్సెక్కాను, కరీంనగర్ బస్టాండులో దిగాను, గోదావరిఖని బస్సు ముందు నిలబడ్డాను. ఆ బస్సు వెళ్ళిపోయింది. ఇంకోటి వచ్చింది, అదీ వెళ్ళిపోయింది. మూడోది రాకముందే నేను సిద్దిపేట బస్సెక్కి ఇంటికొచ్చేశాను. ఇది మా ఆవిడకు తప్ప ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు.

ఈసారి సైకిలెందుకంటే అందుకే. బస్సయితే దిగి వెనక్కి తిరగడం నాకు బాగా తెలుసు. పైగా నాకు సైకిల్ నేర్పింది అక్కే. ఏడో తరగతి నుంచి మూడేళ్ళు వాళ్ళింట్లో ఉండి చదివాను. బావ రాత్రి షిఫ్టు చేసొచ్చి పడుకుంటే, ఆయన డ్యూటీ సైకిల్ చప్పుడు కాకుండా బయటికి తీసి, శ్మశానం పక్క చదును బాట మీద నన్నెక్కించి సీటు పట్టుకుని ఉరికేది. "కిందికి చూడకురా, ముందర చూడు!" అని ఒకటే అరుపు.

సిద్దిపేటలో ఒక గొల్లభామ చీర కొన్నాను. మా ఊరి మగ్గాల మీద నేసేది, అంచున నెత్తిన కుండతో గొల్లభామల బొమ్మలు ఉంటాయి. రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి క్యారియర్‌కు కట్టాను. ఇంటర్నెట్ సెంటర్‌లో పాత ఉపగ్రహ చిత్రం వెతికి శ్మశానం చోటును డబ్బాలో గుర్తు పెట్టాను. గురువారం తెల్లవారి బయల్దేరాను. శనివారం రెండింటిలోపు చేరాలి, అంతే.

మొదటి రోజు: బంతిపూల దండ

గేటు ముందు సైకిలెక్కి మీట నొక్కాను. దారి లెక్కిస్తున్నానంది. మూడు శాతం. ఏడు శాతం. మా ఆవిడ ముగ్గేసింది, పాలు తీసుకుంది, లోపలికి పోయి టిఫిన్ పొయ్యి మీద పెట్టి మళ్ళీ వచ్చి చూసింది. "ఇంక పోలేదా? నేను ఏడుపు ఆపుకోని సాగనంపితి కదా!" అంది. నూట ముప్పై కిలోమీటర్ల దారి ఒక్కసారే పెట్టాను మరి.

హైదరాబాద్ నుంచి రామగుండం పోయే పెద్దరోడ్డు అది. కళ్ళు మూసుకుని పోవచ్చు. కానీ శనిగరం దగ్గర డబ్బా కుడికి తిరగమంది. దగ్గరి దారేమోనని తిరిగాను. రెండు కిలోమీటర్లు పోయాక బాట ఒక మక్కచేనులో కలిసిపోయింది. చేనులో రైతు మంచె దిగొచ్చి అడిగిన మొదటి మాట, "ఎవలింటికి సారూ?"

మీరు పట్నంలో పుట్టినవాళ్ళయితే ఈ ప్రశ్న బరువు మీకు తెలియదు. మా దిక్కు దారి అడిగితే దారి చెప్పరు. ఎవరింటికి, ఎవరి మనిషివి, ఏమవుతావు అని మూడడిగి, అప్పుడు చెబుతారు. ఆ మూడింటికీ జవాబు చెప్పుకుంటూ పోతే తుమ్మలకుంట చేరేసరికి నా చరిత్రంతా నాకంటే ముందే చేరుతుంది. అక్క చావుకు చీర తేని తమ్ముడు వస్తున్నాడు అని. నేను డబ్బా తీసుకున్నదే అది ఎవరింటికని అడగదని.

"ఎవరింటికీ కాదన్నా, తోవ తప్పిన" అన్నాను. ఆయన నమ్మినట్టు లేదు గానీ, రెండు లేత మొక్కజొన్న కంకులు విరిచి చేతిలో పెట్టాడు. తిరిగి రోడ్డెక్కేసరికి గంట పోయింది.

అలుగునూరు చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం. రాష్ట్రం ఎప్పుడొస్తుందో ఇంకా ఎవరికీ తెలియదు. గుడారంలో పదిమంది కూర్చున్నారు. చాయ్ తాగిపొమ్మని ఆపారు. "యాడికన్నా? ఎవలింటికి?" అని ఒకతను అడిగాడు. నా నోటికి ఏమొచ్చిందో చూడండి: "రాష్ట్రం కోసం సైకిల్ యాత్ర చేస్తున్న."

ఇక ఆగుతారా! జై తెలంగాణ అని లేచి, గాంధీ పటానికున్న బంతిపూల దండ తీసి నా మెడలో వేశారు. ఒక ముసలాయన రెండు చేతులూ పట్టుకుని, "నీ అసొంటోళ్ళు ఉండబట్టే వస్తది బిడ్డా" అన్నాడు. చాయ్ డబ్బులు తీసుకోలేదు. మానేరు వంతెన మీద ఆగి దండ తీసేశాను. నీళ్ళలో వేయబుద్ధి కాలేదు, పిట్టగోడ మీద పెట్టి వచ్చేశాను.

కరీంనగర్‌లో బస్టాండు ఎదురుగా లాడ్జి. గదికి రెండొందల యాభై. కింద హోటల్లో మానేరు చేపల పులుసుతో అన్నం అరవై రూపాయలు, ముక్క పెద్దదే. గది కిటికీలోంచి ప్లాట్‌ఫారాలు కనిపించాయి. గోదావరిఖని బస్సు ఇప్పటికీ ఆ మూలనే ఆగుతుంది. కిటికీ మూసి పడుకున్నాను.

రెండో రోజు: ముసురు

తెల్లవారేసరికి ముసురు పట్టింది. వానంటే కురిసి పోతుంది. ముసురు అలా కాదు, అలిగిన చుట్టంలా గడపలోనే కూర్చుంటుంది. సుల్తానాబాద్ దాకా రైసుమిల్లుల ఉడుకు వడ్ల వాసన. జేబులో ఫోన్ ఎప్పుడు తడిసిందో తెలియదు, పెద్దపల్లిలో తీసి చూస్తే చచ్చింది. బావ నంబరు దాంట్లోనే ఉంది. ఫోన్ బతికున్నా చేసేవాణ్ణా అంటే, చేసేవాణ్ణి కాదు. నిజం నిజమే చెప్పుకోవాలి.

పెద్దపల్లిలో ఒక ఆమె రేకుల కింద మక్క గారెలు వేస్తోంది. పదికి నాలుగు. మా ఇంట్లో ఉల్లిగడ్డ దండిగా వేస్తారు, ఇక్కడ వెల్లుల్లి, పచ్చిమిర్చి మాత్రమే. కళ్ళెంట నీళ్ళొచ్చాయి. "కారమైందా అన్నా?" అంది. కారమే అన్నాను. అక్క కూడా ఉల్లిగడ్డ లేకుండానే చేసేది, అత్తగారింటి అలవాటని.

బసంత్‌నగర్ చేరేసరికి సిమెంటు లారీల బురద నెత్తిదాకా పడింది. చైను ఇసుక పట్టి కిర్రుమంటోంది. సిమెంటు ఫ్యాక్టరీ గేటుకు కాస్త ఇవతల యాకూబ్ భాయ్ అని సైకిల్ మెకానిక్. అరవై ఏళ్ళుంటాయి. చైను విప్పి కిరోసిన్‌లో వేసి, క్యారియర్ మీది సంచిని తడవకుండా తన గల్లాపెట్టె మీద పెట్టాడు. డబ్బా అప్పటికి పద్దెనిమిది నిమిషాలుగా లెక్కిస్తూనే ఉంది. ఆయన దానివైపు జాలిగా చూశాడు.

"ఈ మషీన్ ఎందుకు సాబ్? రేపు పొద్దుగాల ఏడింటికి ఎల్తే తొమ్మిదింటికి ఖనిల ఉంటరు. ఆడ ఎవరినన్నా అడుగుండ్రి. ఎవరింటికి సాబ్?"

"ఎవరింటికీ లేదు భాయ్. ఊరికే చూద్దామని."

"ఊరికే చూసేటోళ్ళు చీర కట్టుకోని రారు కదా సాబ్, సైకిల్‌కు" అన్నాడు నవ్వకుండా. ప్లాస్టిక్ సంచిలోంచి అంచు కనిపించినట్టుంది.

నేను అంచును లోపలికి తోసి సంచి మూసేశాను. ఆయనే చైను తుడుస్తూ చెప్పాడు. "బురా అనుకోకుండ్రి. మా దిక్కు ఇట్లనే అడుగుతం. చెట్టు గుర్తు చెప్తే రేపు ఆ చెట్టు ఉండదు. మస్జిద్ చెప్తే మస్జిద్ ఉండదు, బాయిలకు పోతది. రోడ్డుకైతే భరోసనే లేదు. మనిషి పేరు చెప్తే, ఆ మనిషి ఏ కాలనీల ఉన్నడో అందరికి ఎరుకే. ఇక్కడ మనుషులే నిశాని సాబ్."

చైను శుభ్రం చేసి, బ్రేకులు బిగించి ముప్పై తీసుకున్నాడు. సిద్దిపేటలో అయితే వంద. ఇంత మంచిగా చెప్పిన మనిషికి కూడా నేను పేరు చెప్పలేదు. హోటల్ పైన గదిలో పడుకుని, డబ్బాకు ఛార్జింగ్ పెట్టాను.

శనివారం పొద్దున: గోదావరిఖని

పాతిక కిలోమీటర్లు. మామూలుగా రెండు గంటల పని. ఏడింటికే బయల్దేరాను.

థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ముసురులో సగం దాకే కనిపించాయి. ఖని చౌరస్తాలో రాత్రి షిఫ్టు నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళు హెల్మెట్లు చంకన పెట్టుకుని చాయ్ తాగుతున్నారు. చాయ్ ఐదు రూపాయలు, గ్లాసు నిండా. బస్టాపుల పేర్లన్నీ బాయిల నంబర్లే. మూసేసి ఎన్నేళ్ళయినా బాయి పేరు మాత్రం పోలేదు. నేను మూడేళ్ళు తిరిగిన వీధులు. క్వార్టర్ల వరసలు గుర్తుపట్టాను, వేపచెట్లు గుర్తుపట్టాను. ఊరు దాటేసరికి మాత్రం ఏదీ గుర్తు రాలేదు. ఎక్కడ చూసినా గుట్టలు. మా చిన్నప్పుడు ఇక్కడ గుట్టల్లేవు. గనిలోంచి తీసిన మట్టిని పోసీ పోసీ గుట్టలు చేశారు. వాటి మీద తుమ్మచెట్లు కూడా మొలిచాయి.

అక్కడినుంచి అంతా డబ్బా రాజ్యం. ఎడమకు తిరగమంది, తిరిగాను. కిలోమీటరు పోయాక రోడ్డు అడ్డంగా ఎత్తయిన మట్టికట్ట, దాని మీద ప్రమాదం అని బోర్డు. అవతల ఆకాశం తప్ప ఏమీ లేదు. డబ్బా తెర మీద మాత్రం రోడ్డు నిక్షేపంగా ముందుకు పోతోంది. దాని పటంలో ఇంకా ఊళ్ళున్నాయి, వాగు ఉంది, తుమ్మలకుంట బడి ఉంది. వెనక్కి తిప్పితే మళ్ళీ లెక్క మొదలు. పన్నెండు నిమిషాలు.

రెండో దారి చూపింది, అదీ కట్ట దగ్గరే ఆగింది. మూడోది ఒక చెక్‌పోస్టు. రెయిన్‌కోటు వేసుకున్న గార్డు చెయ్యెత్తాడు.

"ఇటు డంపర్ లారీలు తిరుగుతయ్ సార్, సైకిల్ పోదు. ఎవలింటికి పోవాలె?"

"ఎవరింటికీ లేదు."

"ఎవలింటికి లేకుంటే ఈ వానల ఇక్కడేం పని?" అన్నాడు. న్యాయమైన మాటే. నేను సైకిల్ తిప్పుకున్నాను.

పది దాటింది. పదకొండయింది. దగ్గర దగ్గర చోట్లు పెట్టుకోమన్న స్నేహితుడి మాట అప్పుడు గుర్తొచ్చింది. పటంలో వేలు పెట్టి ఒక కిలోమీటరు దూరంలో గుర్తు పెట్టాను. నిమిషంలో లెక్కేసింది! అబ్బ, అనుకున్నాను. ఆ కిలోమీటరు తొక్కాక తెలిసింది, అది గుట్ట చుట్టూ తిప్పి నన్ను మొదటి కట్ట దగ్గరికే తెచ్చిందని. పాత పటాన్ని ఎంత జల్ది చదివితే ఏం లాభం? ఆ కోపంలో బలంగా తొక్కితే నల్ల బురదలో చైను ఊడి, పళ్ళ చక్రానికీ ఫ్రేముకూ మధ్య ఇరుక్కుంది. లాగీ లాగీ వేళ్ళు తెగాయి.

చైను ఎక్కించేసరికి ఒంటిగంట దాటింది. దారిలో ముగ్గురు కనిపించారు. ఒకాయన డ్యూటీకి పోతున్నాడు, ఒకామె నీళ్ళ బిందెతో ఉంది, ఒకాయన గొడుగు కింద నిలబడి బీడీ తాగుతున్నాడు. ముగ్గురిలో ఎవరిని అడిగినా చెప్పేవారు. నేను తల దించుకుని డబ్బాలోకి చూస్తూ దాటిపోయాను.

ఎర్రజెండా

ఒంటిగంట యాభైకి, మరో బాట మలుపులో ఎర్రజెండా పట్టుకుని ఒకతను రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఆగాలె సార్, బ్లాస్టింగ్" అన్నాడు. నా పక్కన నాలుగు మేకలతో ఒక ముసలామె, తల మీద గోనెసంచి కప్పుకుని ఆగింది. డబ్బా అప్పుడు నలభై ఒక్క శాతం దగ్గరుంది.

సైరన్ మోగింది. నాకు తెలిసిన సైరనే. చిన్నప్పుడు అది విని అక్క పొయ్యి మీద నీళ్ళు పెట్టేది, బావ వస్తాడని. ఇది షిఫ్టుది కాదు. కాసేపటికి కాళ్ళ కింద నేల అదిరింది. చప్పుడు తర్వాత వచ్చింది. గుట్ట వెనకనుంచి పసుపుపచ్చటి పొగ లేచి ముసురులో కలిసింది. మేకలు బెదిరి ఒకదానిమీదొకటి ఎక్కాయి. నేను గడియారం చూశాను. రెండయింది. అయిపోయింది.

"ఎవలింటికి బిడ్డా?" అంది ముసలామె.

ఇక దాచుకోవడానికి ఏముంది? "తుమ్మలకుంట రాజలింగు ఇంటికవ్వా. సరోజన తమ్ముణ్ణి" అన్నాను. పదకొండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆమె నా ముఖంలోకి తేరిపార చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను.

"సరోజన తమ్మునివా! చీర పంపిన తమ్మునివా?"

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పుకుపోయింది. ఆమె పేరు పోశవ్వ. తుమ్మలకుంటలో అక్కావాళ్ళింటికి మూడిళ్ళవతల ఉండేది, పేరు చెప్పాక గానీ నేను గుర్తుపట్టలేదు. "ఆనాడు పొద్దుగూకేదాంక చూసినం బిడ్డా. పుట్టింటోళ్ళు రాలె, చీర రాలె, పాడె ఎట్ల లేపాలె? నీ బావ సైకిలేసుకోని ఖని బజారుకు ఉరికిండు. చీర తెచ్చిండు. పచ్చది, ఎర్రంచు. నా బావమర్ది దవాఖానల పడ్డడు, లేవలేకున్నడు, కండక్టర్ చేతికిచ్చి పంపిండు అన్నడు. ఊరంత చూసింది. పానం బాగలేకున్న అక్కను మర్వలేదని మేమందరం అనుకున్నం. ఇప్పుడు మంచిగున్నవా?"

దవాఖానలో నేనెప్పుడూ పడలేదు. ఆ రోజు సాయంత్రం నేను ఇంట్లో కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను.

"నువ్వేనా బిడ్డా?" అని మళ్ళీ అడిగింది.

"అవునవ్వా" అన్నాను.

జెండా అతను రోడ్డు వదిలాడు. పోశవ్వ కర్రతో చూపించింది. "గీ గుట్ట ఎడమకు తిరిగితే కాలనే. కూతవేటు దూరం. నీ బావ గాడనే కల్వర్టుకాడ ఉంటడు. పా, నేను అటే." ఐదు గంటలు నేను తిరిగిన గుట్టకు అవతలి పక్క అది. నడిచి పోయినా పది నిమిషాలు పట్టలేదు.

కొత్త తుమ్మలకుంట

కాలనీ మొదట్లో కల్వర్టు మీద బావ కూర్చున్నాడు. బాగా చిక్కాడు. మీసం తెల్లబడింది, నుదుటి మీది బొగ్గు మచ్చలు మాత్రం అలాగే ఉన్నాయి. ఒళ్ళో తువ్వాల మూట. పోశవ్వ మేకలను తోలుకుని ముందుకు పోయింది.

"వచ్చినవా" అన్నాడు.

"తోవ దొరకలె బావా."

"దొరకలేదా, అడగలేదా?"

నేను సైకిల్ స్టాండు వేశాను. ఆయన దగ్గు ఆపుకుని మూట వైపు చూస్తూ మాట్లాడాడు. "పొద్దుగాల ఎనిమిదింటి నుంచి ఆడ్నే కూసున్న. సైరన్ కొట్టేదాంక చూసిన. గార్డొచ్చి లే కాక, లే అన్నడు. ఇగ నేనే తీసిన. పుట్టింటోళ్ళేరి అని అందరు అడిగిన్రు. తమ్ముడు తోవల ఉన్నడన్న."

"ఆనాడు గూడ గట్లనే చెప్పినవట. పోశవ్వ చెప్పింది. చీర సంగతి."

బావ మూట ముడి బిగించాడు.

"పంపింది నేనేనా అని అడిగింది. అవునన్న."

"మంచిగ చేసినవ్" అన్నాడు వెంటనే. "కాదంటే ఇన్నేండ్లకు నేను ఊర్ల అబద్ధాలకోరునైతుంటి."

"ఎందుకు చేసినవ్ బావా?" నా గొంతు నాకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది.

"నీ కోసం చెయ్యలె. పుట్టింట్ల దిక్కులేనిదని దాన్ని పదిమంది అనొద్దని చేసిన. నీ మీదైతే నాకు ఇప్పటికి కోపమే." తువ్వాల మూట నా చేతిలో పెట్టాడు. తడిసి బరువుగా ఉంది. "పట్టుకో. సైకిల్ నేను నడిపిస్త."

కాలనీ చివర కొత్త శ్మశానం. గోడ కట్టారు, లోపల ఇంకా చెట్టు లేదు. ఆ రోజు మట్టి తెచ్చుకున్నవాళ్ళు ఓ ఇరవై మంది ఉన్నారు. వరసగా చిన్న చిన్న గుంతలు తీసి ఉన్నాయి. బావ చూపించిన గుంతలో నేనే మట్టి వేసి, చేతులతోనే పూడ్చాను. అదొక్కటి నన్ను చేయనిచ్చాడు. తెగిన వేళ్ళకు మట్టి తగిలి మండింది. బావకు దగ్గు ఆగకుండా వస్తోంది, ఆయన పక్కకు తిరిగి నిలబడ్డాడు.

క్యారియర్ మీది సంచి విప్పాను. చీర అంచు కాస్త తడిసింది, అంతే. మడత విప్పి మట్టి మీద పరిచాను. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. నేను రావలసిన రోజు రాలేదు, రావలసిన గంటకూ రాలేదు. ఇప్పుడు పరిచి ఏం లాభమని ఒకటే అనిపించింది. హ్యాండిల్ మీద డబ్బా కీచుమంది. లెక్క పూర్తయినట్టుంది. ఎవరూ అటు చూడలేదు.

మేకలను కట్టేసి పోశవ్వ వచ్చింది. వంగి అంచు పట్టుకుని చూసింది. "గిది సిద్దిపేట నేత కదా, గొల్లభామలున్నయి" అని చుట్టూ ఉన్నవాళ్ళకు చూపించింది. "చూసిన్రా? అప్పుడొకటి పంపిండు, ఇప్పుడొకటి తెచ్చిండు. పుట్టింటి చీర రెండుమాట్ల ఎవలకొస్తది? అదృష్టమంటే సరోజనది."

అందరూ అవునన్నారు. ఒకామె నా భుజం తట్టింది. నేను బావ వైపు చూశాను, ఆయన నా వైపు చూడలేదు. ఖాళీ తువ్వాల దులిపి భుజాన వేసుకుని, పోశవ్వతో అన్నాడు.

"అవునవ్వా. వాడు అక్కను ఎన్నడు మర్వలె."